ఖాళీ కాటా

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు ముసుగు తీసేది కాటా. మనిషంత ఎత్తున, కింద ఇనప పలకతో, పైన మెరిసే కడ్డీతో ముందు గదిలో ఒక మూల నిలబడి ఉంటుంది. మేస్త్రి దాని మీద కప్పిన గుడ్డ లాగి, దులిపి మడతపెట్టి, మరలకి నూనె చుక్క వేసి తుడుస్తాడు. ఆ పని అయ్యేదాకా ఎవరు పలకరించినా పలకడు కాబట్టి ఇంట్లోవాళ్లు ఆ గదిలోకి రారు.

ఆయన కాటాలు బాగుచేసే మేస్త్రి. ధాన్యం కొట్లలో, పార్సెల్ ఆఫీసుల్లో, పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర ఏ కాటా మొరాయించినా ఆయన చెయ్యి పడాల్సిందే. ఇంటి ముందు గదే దుకాణం. ఆయనకి రెండు పట్టింపులు ఉన్నాయి. తూచేముందు ఖాళీ కాటా చూపించాలి. అంటే కడ్డీని కదలకుండా పట్టే కొక్కెం తీయగానే కడ్డీ రెండుసార్లు ఊగి సమంగా నిలబడాలి. తూచాక బరువు గొంతెత్తి చెప్పాలి, వీధిలో పోయేవాడికి కూడా వినపడాలి. గొణిగే మనిషి తూకం తను నమ్మనంటాడు.

ఆయన కూతురు సిటీ బస్సు నడుపుతుంది. తమ్ముడికి అక్క కనుక డిపోలో వాళ్లూ అక్కా అన్నారు, స్టాపుల్లో నిలబడే ముసలివాళ్లూ అక్కా అన్నారు, ఆఖరికి కన్నతల్లి కూడా "అక్కా, అన్నానికి రా" అనడం మొదలుపెట్టింది. మనకీ అక్కే.

"ఎక్కు అమ్మడూ" అన్నాడు మేస్త్రి ఆ ఆదివారం. అక్కా అనని మనిషి ఆయనొక్కడే.

అక్క చెప్పులు విడిచింది. గడియారం తీసింది, జేబులో తాళాలు తీసింది, జుట్టుకున్న క్లిప్పు కూడా తీసి బల్ల మీద పెట్టింది.

"పళ్లు కూడా ఊడబీకి పెట్టవే బస్తా, ఇంకాస్త తగ్గుతావు" అన్నాడు తమ్ముడు గోడకి ఆనుకుని. చిన్నప్పటి నుంచీ ఆమెకి వాడు పెట్టిన పేరు అది. కాటాల ఇంట్లో పుట్టినవాడికి అంతకంటే మంచి పేరు తోచలేదు.

"నీ నాలుక కోసి పెడితే ఇల్లంతా తేలికపడుతుందిరా."

తల్లి వంటగదిలోంచి తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అక్క పలక ఎక్కింది. మేస్త్రి కడ్డీ మీది ఇనప గుండుని చూపుడువేలితో జరుపుతూ పోయాడు. అందరూ ఆ గుండునే చూస్తున్నారు. గుండు ఆగింది.

"పోయిన వారం ఎంతో అంతే" అన్నాడాయన, గొంతులోనే.

"అదేంటండీ, మళ్లీ ఒకసారి చూడండి" అంది తల్లి.

"ఎన్నిసార్లు చూసినా అంతేనే."

అక్క దిగింది. క్లిప్పు పెట్టుకుంది, గడియారం పెట్టుకుంది. తాళాలు తీసుకోబోయి అక్కడే బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. లావుపాటి మనిషి ఏడిస్తే చూసేవాళ్లకి నవ్వొస్తుందని ఆమెకి బడిలోనే తెలిసింది. అందుకే అప్పటి నుంచి ఎవరి ముందూ ఏడవలేదు. ఆ రోజు మాత్రం ఆగలేకపోయింది.

ఇది చీర అందంగా కట్టుకోవడానికో, పెళ్లిచూపులకో తగ్గే బరువు కాదు. పెళ్లి ఊసెత్తిన ప్రతిసారీ ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది, అడిగేవాళ్లు అలిసిపోయి మానేశారు. గోడకి ఆనుకుని వేళాకోళం ఆడుతున్న ఆ తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఫొటో స్టూడియోలో పని చేసేవాడు, ఇప్పుడు రోజు విడిచి రోజు ఆస్పత్రిలో మెషీను పక్కన పడుకుంటున్నాడు. మెషీను మీద ఎంతో కాలం నెట్టుకురాలేడని డాక్టరమ్మ చెప్పేసింది. తండ్రిని పరీక్ష చేసి చక్కెర జబ్బు ఉందని కిడ్నీ ఇవ్వడానికి పనికిరాడన్నారు. తల్లికి రక్తపోటు. అక్కవి మాత్రం అన్నీ కలిశాయి. ఒక్క బరువే అడ్డం. ఇంత బరువు మీద ఆపరేషన్ చేస్తే ఆమెకే ప్రమాదమని, ఫలానా అంకెకి దిగాక రమ్మని డాక్టరమ్మ ఒక చీటీ మీద రాసిచ్చింది.

అప్పటి నుంచి అక్క ఆ అంకె వెంట పడింది. డిపో నుంచి ఇంటికి స్టాఫ్ బండి ఎక్కడం మానేసి నడిచింది. టీలో చక్కెర మానేసింది, టీకి తోడు వచ్చేవన్నీ మానేసింది. పొద్దున అద్దం ముందు నిలబడి తన పొట్టని తనే నానా తిట్లూ తిట్టేది. మొదట్లో కాటా దిగింది. ఆ తర్వాత ఏమైందో, గుండు ఒకేచోట పాతుకుపోయింది. ఆమె ఇంకాస్త తక్కువ తిని ఇంకాస్త దూరం నడిచింది. కాటా చలించలేదు. ఇంకోచోట తూగి చూద్దామన్న ఆలోచనే రాలేదు. మేస్త్రి కూతురు మందుల షాపు కాటా ఎక్కడమంటే నాన్న మొహం మీద ఉమ్మినట్టే.

మేస్త్రి వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే అమ్మడూ. కొందరి ఒళ్లు అంతే. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు. వాడి పేరు కిడ్నీల జాబితాలో రాయించాం కదా, ఎప్పటికో ఒకప్పటికి వంతు రాకపోదు. ఇంక నిన్ను నువ్వు చంపుకోకు."

"వంతు వచ్చేదాకా వీడు ఉండాలిగా నాన్నా" అంది అక్క తలెత్తకుండానే.

తమ్ముడు పైకి చూస్తూ ఈల వేయబోయాడు, రాలేదు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున అక్క డ్యూటీకి వెళ్లిందే గానీ మనసు బస్సులో లేదు. ఇక మానేద్దామనుకుంది. సాయంత్రం స్టాఫ్ బండి ఎక్కి ఇంటికి పోయి, కడుపునిండా తిని, తన వల్ల కాలేదని తమ్ముడికి చెప్పేద్దాం, వాడు ఏదో ఒక జోకు వేసి ఊరుకుంటాడు. ఇలా అనుకుంటూ సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుంది. ఎక్కడో తేడాగా ఉంది. పట్టు దొరకడం లేదు, చేతులు చాలనట్టున్నాయి.

"ఎవరే నా సీటు వెనక్కి జరిపింది?" అంది కండక్టరుతో.

కండక్టరు కుర్రపిల్ల, నోరున్న పిల్ల. వచ్చి వంగి చూసింది. "ఎవరూ జరపలేదక్కా. ఎప్పుడూ ఉండే గాడిలోనే ఉంది. నువ్వే వెనక్కి పోయావు."

"నేనెక్కడికి పోతానే?"

"నీ పొట్టకీ ఈ చక్రానికీ మధ్య ఇదివరకు నా టికెట్టు కూడా దూరేది కాదు. ఇప్పుడు చూడు, నా మిషనంతా దూరుతుంది." దూర్చి చూపించింది కూడా. "పైగా నువ్వు ఈమధ్య బ్రేకు మెత్తగా వేస్తున్నావు. నిలబడ్డవాళ్లు నా మీద పడి తిట్లు తినడం తగ్గిందని నేనే ఆశ్చర్యపోతున్నా."

అక్క సీటు కింది మర లాగి ఒక గాడి ముందుకు జరిగింది. పాదం మొత్తం బ్రేకు మీద ఆనింది. ఇన్నేళ్లూ పొట్ట కోసం సీటు వెనక్కి పెట్టుకుని, కాలివేళ్లతో తొక్కుతూ నడిపింది బస్సుని. మొదటిసారి మడమతో సహా తొక్కింది.

ఆఖరి స్టాపులో జనం దిగిపోయాక ఇంజను ఆపి అక్కడే కూర్చుంది. కాటా కదల్లేదంటోంది, సీటు కదిలింది. రెండింటిలో దేన్ని నమ్మాలో ఆమెకి తెలియలేదు. నాన్న కాటా తప్పు చెప్పదు. కానీ తన పాదం కూడా అబద్ధం ఆడదు కదా. మొన్న డిపో మెట్లు ఆగకుండా ఎక్కేసిన సంగతి గుర్తొచ్చింది. పడుకుని లేచేటప్పుడు మంచం పట్టీ పట్టుకోవడం ఎప్పుడు మానేసిందో గుర్తురాలేదు. ఇవన్నీ జరుగుతుంటే చూసుకోలేదు. వారమంతా చేసిన పనిని ఆదివారం ఒక ఇనప గుండు చేతిలో పెట్టి, అది ఏమంటే అదే నిజమని ఏడుస్తూ కూర్చుంది.

ఇంకో మాట కూడా తట్టింది ఆమెకి. బస్సు మొరాయిస్తే తను ఎప్పుడూ తన్నలేదు, తిట్టలేదు. చెవి పెట్టి వింది, నీళ్లు చూసింది, ఆయిలు చూసింది. మరి ఈ ఒంటిని మాత్రం పొద్దున లేచిన దగ్గర నుంచి తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది. ఆ తిట్లు తింటున్న పొట్ట లోపలే ఎక్కడో తమ్ముడికి ఇవ్వాల్సింది ఉంది. రేపు వాడి ఒంట్లోకి వెళ్లేదాన్ని ఇవాళ ఇంత అసహ్యించుకోవడం ఏమిటి? తగ్గడం కాదు తను చేస్తున్నది, తయారవడం. ఆ మాట అనుకోగానే ఆమెకి ఎవరి మీదో తెలియని కోపం, దానితో పాటే ఆకలి కూడా వచ్చాయి. డబ్బా తీసి, ఎంత తినాలో అంతే, సిగ్గుపడకుండా హాయిగా నమిలి తింది. సాయంత్రం స్టాఫ్ బండి వెళ్లిపోతుంటే చెయ్యి ఊపి, నడక మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆదివారం మేస్త్రి ఎప్పటిలాగే కాటాని దులిపి పిలిచాడు. అక్క రాలేదు. వెళ్లి చూస్తే గుమ్మం దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటోంది.

"తూగి వెళ్లమ్మా."

"నేనిక తూగను నాన్నా."

"మానేశావా?" అన్నాడాయన. ఆ గొంతులో దిగులు ఉండాల్సిన చోట ఏదో తేలిక వినపడింది. ఆయన దాన్ని వెంటనే దగ్గులోకి మార్చేశాడు.

"కాటా ఎక్కడం మానేశాను. నడవడం మానలేదు. అంకె వచ్చినప్పుడు వస్తుంది, రాకపోతే దాని ఖర్మ. నేను మాత్రం ఆగను. ఆ మూలనున్న ఇనుము నాకు చెప్పేదేంటి, నా కాళ్లు నాకు చెప్పవా?"

మేస్త్రి గుమ్మానికి అడ్డం వచ్చాడు. "అదేం మాట. లెక్క తెలియకుండా ఎంతకాలమని నడుస్తావు? ఎక్కు. ఒక్కసారి ఎక్కి చూసుకో, నీకే అర్థమవుతుంది."

"ఏమర్థమవుతుంది?"

"ఇది అయ్యే పని కాదని."

అక్క కట్టుకుంటున్న తాడు వదిలేసి తండ్రి వైపు చూసింది. తన పట్టుదల చూసి ముచ్చటపడాల్సిన మనిషి, పట్టుపట్టి మరీ కాటా ఎక్కమంటున్నాడు. తల్లికి కూడా వింతగా తోచింది. "దాన్ని వదిలెయ్యండి, మీరేంటి అంతలా" అంది.

"అక్క అలిగింది కాబట్టి కాటాకి బోణీ నేను చేస్తా" అంటూ తమ్ముడు ఎగిరి పలక మీద నిలబడ్డాడు.

"దిగరా" అని అరిచాడు మేస్త్రి.

ఆయన అరవడం ఆ ఇంట్లో అదివరకు ఎవరూ వినలేదు. బరువు చెప్పేటప్పుడు తప్ప గొంతెత్తని మనిషి. తమ్ముడు తెల్లబోయాడు గానీ చెయ్యి ఆగలేదు. కాటాల మధ్య పుట్టి పెరిగినవాడు, గుండు జరిపేశాడు. కడ్డీ నిలబడింది. అంకె చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

"ఇదేంటి నాన్నా? నిన్న సాయంత్రం మెషీను మీంచి లేపాక నన్ను తూచే పంపారు. ప్రతిసారీ తూచే పంపుతారు. దానికీ దీనికీ ఆరు కిలోల తేడా ఉంది. నాకు రోజుకి తాగనిచ్చేదే ఓ లోటా నీళ్లు. ఒక్క రాత్రిలో ఆరు కిలోలు ఎక్కడ మింగాను?"

"ఆస్పత్రి కాటాలు ప్లాస్టిక్ డబ్బాలు. వాటి మాట పట్టుకుని ఇంట్లో కాటాని శంకిస్తావా?"

"నేనెక్కడ శంకించాను. అడిగాను."

అక్క లేచి వచ్చింది. ఒక కాలికి బూటు ఉంది, రెండో కాలికి లేదు. కాటా ముందు నిలబడి తండ్రి కళ్లలోకి చూసింది. గొంతు బస్సులో గొడవపడేవాళ్లని దిగమనే గొంతు.

"నాన్నా, ఖాళీ కాటా చూపించు."

మేస్త్రి గుడ్డ తీసుకుని కడ్డీ తుడవబోయాడు.

"కొట్లో వాళ్లకి చూపిస్తావు. పాత ఇనుము మోసుకొచ్చేవాడికి చూపిస్తావు. నాకు చూపించి ఎన్నాళ్లయింది? కొక్కెం తీయి."

"అమ్మడూ, నా మాట విను."

"తమ్ముడూ, దిగు."

వాడు దిగాడు. అక్క గుండుని సున్నా మీదికి జరిపి, తనే కొక్కెం తీసింది. ఖాళీ కాటా మీద కడ్డీ రివ్వున పైకి లేచి టక్కుమని కొట్టుకుంది. పలక మీద ఎవరో నిలబడి ఉన్నట్టు అలాగే పైనే ఉండిపోయింది. కడ్డీ వెనకాల సున్నా సరిచేసే చిన్న మర ఒకటి ఉంది. దాని మీద నూనె తడి ఇంకా ఆరలేదు.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఎందుకు నాన్నా?" అంది అక్క.

ఆయన గుడ్డ చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నేను తగ్గిన ప్రతి వారం నువ్వు ఇది తిప్పావు. అంతేనా? నేను కడుపు మాడ్చుకుని వస్తే, నువ్వు పొద్దున్నే లేచి నూనె రాసి మరీ అంతా తిరిగి ఎక్కించావు. ఈ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను నేను. నా ఒళ్లంత పాపిష్టి ఒళ్లు లోకంలో లేదనుకున్నాను. నువ్వొచ్చి భుజం తట్టావు. తట్టడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

"అంటే," అన్నాడు తమ్ముడు మెల్లగా, "నేను పోయినా పరవాలేదనుకున్నావా నాన్నా?"

ఆ మాటకి మేస్త్రి పలక అంచు మీద కూలబడ్డాడు. పైన కడ్డీ ఇంకోసారి కొట్టుకుంది.

"అలా అనకురా" అన్నాడు. "నాది తీసుకోమన్నాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పనికిరాదన్నారు. నువ్వు ఒక్కడివే బల్ల మీద పడుకుంటావంటే ఎలాగో గుండె దిటవు చేసుకున్నాను. కానీ ఇద్దర్నీ ఒకే రోజు, పక్కపక్క గదుల్లో కోస్తారట. ఏదైనా అటూ ఇటూ అయితే? బయట కుర్చీలో కూర్చుని నేను ఏ తలుపు వైపు చూడాలి? అందుకే నాలుగు రోజులు ఆగుదామనుకున్నాను. ఈలోగా జాబితాలో నీ వంతు వస్తే ఇది తప్పించుకుంటుందని. మొదటి వారం కొంచెమే తిప్పాను. ఆ తర్వాత ఇది తగ్గుతూనే ఉంది. ఎంత తిప్పినా తగ్గుతూనే ఉంది. నా చేత్తో నేను తప్పుడు తూకం తూచింది నా బతుకులో ఇదొక్కటే. పైకి చెప్పడానికి నోరు రాలేదు."

అక్కకి ఆ ఆదివారాలన్నీ ఒక్కసారిగా వినపడ్డాయి. నిజమే, ఎన్నో వారాలుగా నాన్న బరువు గొణుగుతున్నాడు. ఇంత పెద్ద సంగతి చెవిన పడుతూనే ఉంటే ఆమె మాత్రం గుండు వైపే చూసింది.

ముందు మాట్లాడింది తల్లి. ఎప్పుడూ గుమ్మంలో నిలబడే మనిషి గది మధ్యకి వచ్చింది.

"భయం మీ ఒక్కరికే ఉందా? వీళ్లిద్దర్నీ కన్నది నేను. రెండుసార్లు ఆస్పత్రి బల్ల ఎక్కాను. రెండుసార్లూ మీరు బయటే కూర్చున్నారు, రెండుసార్లూ నేను తిరిగొచ్చాను. ఈసారీ బయటే కూర్చోండి. మీ పని కూర్చోవడం. దాని పని అది చేస్తుంది."

"నా ఒళ్లు నాది నాన్నా" అంది అక్క. ఆమె కళ్లు నిండాయి గానీ గొంతు తగ్గలేదు. "లావుగా ఉన్నన్నాళ్లూ దీని మీద వీధిలో ప్రతివాడూ ఒక మాట అన్నాడు. ఇప్పుడు ఇది ఒకరి ప్రాణం నిలబెట్టే పనికి వస్తుంటే నువ్వు అడ్డం పడతావా? నువ్వు ఆపాలనే చూశావు. అయినా ఆగలేదు కదా? కాటా రాదన్నా నడిచాను. ఇక నన్ను ఎవరాపుతారో చూస్తాను."

"ఆపను" అన్నాడు మేస్త్రి నేల చూపులు చూస్తూ.

"అయితే దాన్ని సరిచెయ్యి. మా ముందే చెయ్యి."

ఆయన లేచాడు. మర ఒకటి రెండుసార్లు వేళ్ల నుంచి జారింది. తమ్ముడు వెళ్లి కడ్డీ పట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని చేశారు. చివరికి కడ్డీ రెండుసార్లు ఊగి, సమంగా నిలబడింది.

"ఎక్కు అమ్మడూ" అన్నాడు మేస్త్రి. "ఈసారి నిజం చెబుతాను."

"నేనెందుకు ఎక్కుతాను? తూగనని చెప్పానుగా. నువ్వెక్కు."

"నేనా?"

"నీ కాటా మీద నాకు నమ్మకం పోయింది. నీ బరువు నీకు తెలుసుగా, ఎక్కి సరిగ్గా ఉందో లేదో చూపించు."

మేస్త్రి చెప్పులు విడిచి పలక ఎక్కాడు. అక్క గుండుని ఆయన మామూలు బరువు దగ్గరికి జరిపింది. కడ్డీ కింద పడిపోయింది. వెనక్కి జరిపింది, లేవలేదు. ఇంకా వెనక్కి జరిపింది. తమ్ముడు వంగి కొక్కెం చూశాడు, మర చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె వేలు గుండుని జరుపుతూనే పోయింది, ఎక్కడో చాలా దూరాన గానీ కడ్డీ లేవలేదు.

అప్పుడు చూసింది అక్క తండ్రి మెడ వైపు. చొక్కా కాలరు లోపల ఆ మెడ ఎంత సన్నగా ఉందో. బెల్టు చివర కొత్తగా పొడిచిన రంధ్రం. ఇన్ని నెలలుగా ఇల్లంతా ఆమె ఒంటినే చూసింది, ఆమె కూడా తన ఒంటినే చూసుకుంది. ఈ మనిషి పక్కనే ఉండి కరిగిపోతుంటే ఒక్కరికీ కనపడలేదు.

"కంచంలో కెలికి లేచిపోతుంటే కూర నచ్చలేదేమో అనుకున్నానండీ" అంది తల్లి. గోడ పట్టుకుంది.

ఆ ఇంటి పద్ధతి ప్రకారం తూచినవాళ్లు పైకి చెప్పాలి. అక్క ఆ అంకెని వీధికి వినపడేలా చెప్పింది. చెప్పి, పలక మీద ఉన్న తండ్రిని అలాగే చుట్టుకుని భోరుమంది. ఆయన కూతురి తల నిమురుతూ, తప్పు చేశానమ్మా, తప్పు చేశాను అని అదే మాట అంటూ ఉండిపోయాడు. తమ్ముడు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంట్లో బస్తా నేననుకున్నాను," అంది అక్క చివరికి ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు ఖాళీ గోనెసంచివి అయిపోయావు కదా. ఇదిగో విను. రేపటి నుంచి నాతో పాటు కూర్చుని తింటావు. నాతో పాటు నడుస్తావు. నేను తగ్గుతాను, నువ్వు పెరుగుతావు. ఆ రోజు బయట కుర్చీలో కూర్చోవడానికి బలం కావాలి నీకు. లోపలివాళ్ల సంగతి మేం చూసుకుంటాం."

"నేను చక్కెర జబ్బువాణ్ని, ఏం తిని పెరగను?"

"అది డాక్టరమ్మని అడుగుదాం. ముందు చెప్పులు తొడుక్కో. రేపెందుకు, ఇప్పుడే పద."

"ఒక కాలికే బూటుంది నీకు" అన్నాడు తమ్ముడు. "ఇలాగే వెళ్తే ఆ వైపు బరువు ఎక్కువవుతుంది, చూసుకో బస్తా."

తల్లి ఏడుస్తూనే నవ్వేసింది.

కొన్నాళ్లకి అక్క ఆస్పత్రికి వెళ్లిన రోజు నలుగురూ వెళ్లారు. డాక్టరమ్మ గది బయట వరండాలో బరువు చూసే కాటా ఉంది, మేస్త్రి ప్లాస్టిక్ డబ్బా అని తిట్టిన రకమే. నర్సు ఎక్కమనగానే ఆయన "ఒక్క నిమిషం తల్లీ" అని మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో దాని అడుగు నేలకి సమంగా ఆనిందో లేదో తడిమి చూశాడు. ఖాళీ కాటా సున్నా చూపిస్తోంది. చూసి లేచాడు.

"బాగానే ఉంది అమ్మడూ. ఎక్కు."

అక్క గడియారం తీయలేదు, క్లిప్పు తీయలేదు. ఉన్నదున్నట్టు ఎక్కి నిలబడింది. అంకె వైపు చూడలేదు, తండ్రి మొహం వైపు చూసింది. నర్సు వంగి చూసి చప్పుడు చేయకుండా కాగితం మీద రాసుకోబోయింది.

మేస్త్రి ఆగలేకపోయాడు. డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చినదానికంటే కాస్త తక్కువే ఉన్న ఆ అంకెని, ధాన్యం కొట్లో బస్తా తూచినట్టు గొంతెత్తి చెప్పాడు. వరండాలో కూర్చున్న రోగులంతా ఉలిక్కిపడి తలలు తిప్పారు. నర్సు ఇక్కడ అరవకూడదంది.

"తూకం సరిగ్గా ఉన్నప్పుడు పైకే చెప్పాలమ్మా" అన్నాడాయన కళ్లు తుడుచుకుని, కూతురు దిగడానికి చెయ్యి అందించాడు.